నీసు తిననోళ్లు

సలోమి టిఫిన్ డబ్బా మూత తీసీ తియ్యగానే మూసేసింది. కానీ పక్కనే కూర్చున్న శివలీల ముక్కుకు వాసన తగలనే తగిలింది.

నాచారం మందుల కంపెనీ ప్యాకింగ్‌లో నీసు తిననివాళ్లు వీళ్లిద్దరే. మిగతా ఆడవాళ్లకు ఎడంగా కిటికీ కింద కూర్చుని, ఏడాదిగా ఒకరి కూర ఒకరు పంచుకు తింటున్నారు.

"ఏందే అది?" గొంతు తగ్గించి అడిగింది శివలీల.

"మా ఆయన డబ్బా అక్కా. పొద్దున ఆగమాగంల మారింది."

"కోడికూరనా?"

సలోమి తల వంచుకుంది. "పెద్దకూర."

"మీ ఆయన గొడ్డుకూర తింటడా?"

"ఇద్దరం తింటం."

శివలీలకు ఒళ్లు మండింది. "మరి నీసు ముట్టనని నాకెందుకు అబద్ధం జెప్పినవ్? చికెన్ తింటనని చెప్పి వాళ్లల్లనే కూసోకపోయినవా?"

"తింటనంటే ఇంకేమేం తింటవని అడుగుతరక్కా. తిననంటే ఇగ ఎవ్వరూ ఏం అడగరు."



అవతల కూర్చున్న ఆడవాళ్లలోంచి కొమురమ్మ కేకేసింది. "ఏం కూర సలోమీ? మసాలా మస్తు వాసనొస్తుంది!"

సలోమి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"గుత్తొంకాయ! నేనే తెచ్చిన," అంది శివలీల గట్టిగా. ఆ పిల్లను గండం గట్టెక్కించానన్న నిబ్బరంతో పక్కకు తిరిగింది.

సలోమి ఆమె ముఖం చూడటం లేదు, చేతిని చూస్తోంది. ఆ చెయ్యి ఎప్పుడు లాగిందో ఏమో, శివలీల డబ్బాను సలోమి డబ్బాకు ఎడంగా ఇవతలికి జరిపి, మూత పెట్టి, గట్టిగా అదిమి పట్టుకుని ఉంది.