గనిలో అడుగుపెట్టిన ఆడమనిషి

గని నోటికి అడ్డంగా ఇనుప చువ్వల తలుపు. ఎండకు కాలుతోంది.

దాని పక్కన నిలబడి, గని చూడ్డానికి బస్సులో వచ్చినవాళ్ళకి రోజూ చెప్పే కథే చెప్పాను. ఆడదాని నీడ పడితే వెండి ముడుచుకుపోతుందని మా ఊరు శాన్ ఎలియాస్ వాళ్ళ నమ్మకం. గనివాళ్ళ బట్టలుతికే ఇలారియా అనే విధవరాలు ఓ రోజు లోపలికి వెళ్ళింది. వారానికి రాతిలోని వెండి చార మాయం. రెండేళ్ళకి ఊరు ఖాళీ.

"అందుకే నిన్ను నా కొట్లోకి రానివ్వను," అన్నాడొకాయన భార్యతో.

"నీ కొట్లో మాయమవడానికి ఏముందని?"

అందరూ నవ్వారు.

నవ్వనిది ఒక్క అమ్మాయే. మిగతావాళ్ళు బస్సు నీడలోకి పోయినా కదల్లేదు.

"దోన్యా తొమాసా," అని గౌరవంగా నన్ను పిలిచి, "ఇలారియా మా అమ్మమ్మ," అంది.

పేరు నొయేమి. మోంటెర్రే పట్నం నుంచి వచ్చింది. ఊరివాళ్ళు వెళ్ళగొట్టాక ఇలారియా అక్కడే నాలుగిళ్ళలో పనిచేసి కూతుర్ని పెంచిందట. 'నేను గని లోపలికి వెళ్ళలేదు' అని చచ్చిపోయేదాకా అంటూనే ఉందట. నమ్మింది కూతురొక్కతే.

ఇప్పుడు ఆ కూతురికీ అనుమానం పట్టుకుందట.

"మీరప్పుడు ఇక్కడే ఉన్నారుగా. వెళ్ళలేదని ఒక్క మాట అనండి. అమ్మకి వినిపిస్తాను."

నా మాట రికార్డు చెయ్యడానికి ఫోను నా ముందు పెట్టింది.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. గనిలో పనికెళ్ళిన నాన్న రొట్టెలు ఇంట్లో మరిచిపోయాడు.

నేను అమ్మ నల్ల శాలువా తలమీదుగా కప్పుకుని, గనిలో మొదటి దీపం దాటి, రెండో దీపం దాకా నడిచాను.

కాపలావాడు దూరం నుంచి చూసింది శాలువానే. అలాంటిది ఇలారియాకీ ఉండేది.

నాన్న రొట్టెలు అందుకుని, ఎవరికీ చెప్పకు అన్నాడు. నెల తిరక్కుండా ఇలారియా మంచం లారీలోకి ఎత్తినవాళ్ళలో ఆయనా ఉన్నాడు. నేను గడపలో నిలబడి చూశాను.

ఫోను మీద ఎర్ర చుక్క వెలుగుతోంది.

"అప్పటికి చిన్నదాన్నమ్మా," అన్నాను. "గుర్తు లేదు."

నొయేమి ఫోను ఆపేసింది. నా ముఖం చూసి, నొప్పించానేమో అనుకుంది కాబోలు, నా చెయ్యి పట్టుకుంది.

"పోనీలెండి. వెళ్ళే ఉంటుంది. ఆకలిమీద ఉన్న వాడెవడికో తిండి ఇవ్వడానికి వెళ్ళుంటుంది. అమ్మకి అలాగే చెప్తాను. అందులో తప్పేముంది?"

"తప్పేం లేదు," అన్నాను.

ఆ బస్సు దుమ్ములో కలిసిపోయేసరికి రెండో బస్సు వచ్చింది. జనం గొడుగులు వేసుకుని గట్టు ఎక్కి వచ్చారు.

మొదటినుంచీ చెప్పాను. నమ్మకం దగ్గర నవ్వారు. 'గనివాళ్ళ బట్టలుతికే' అనేదాకా వచ్చి ఆగాను.

"ఎవరో ఒకావిడ," అన్నాను.