ఆయమ్మ చేతిలో చూశాను

"సిస్టర్, ఇది మీ జేబులోంచి పడింది."

బట్టలు మార్చుకునే గదిలో ఆయమ్మ అరచెయ్యి చాపింది. అందులో చిటికెన వేలంత గాజు సీసా, ఇంకా మెడ విరవనిది. ఆపరేషన్ అయ్యాక రోగికి నొప్పి తెలియకుండా ఇచ్చే ఇంజెక్షన్.

సిస్టర్ గబుక్కున లాక్కుంది.

"కప్‌బోర్డులో పెట్టడం మర్చిపోయాను. దీనికి నువ్వు ఊరంతా టముకు వెయ్యక్కర్లేదు."

"నేనెవరితో అంటానమ్మా. పొద్దుట్నుంచీ ముక్కు గోక్కుంటున్నారు. ఇంత ఎండలో పొడుగు చేతుల స్వెట్టరు."

"జలుబు."

"నాలుగు నెలల్నుంచీ జలుబేనా?"

"చీపురు పట్టుకున్నదానివి, చీపురు సంగతి చూసుకో."

ఆయమ్మ ఏప్రన్‌లోంచి నాలుగు మడతల కాగితం తీసి, సిస్టర్ యూనిఫారం జేబులో పెట్టి, బకెట్ ఎత్తుకుని వెళ్ళిపోయింది.

నాలుగు నెలల క్రితం నడుం పట్టేసినప్పుడు మొదలైంది ఈ దరిద్రం. రోగికి ఇవ్వగా మిగిలిన మందును ఇంకొకరి ఎదుట సింకులో పారబోసి, ఇద్దరూ సంతకం పెట్టాలి. పదేళ్ళ సర్వీసున్న సిస్టర్‌ని ఎవరు అనుమానిస్తారు? సింకు వైపు చూడకుండానే సంతకం గీకేసేవాళ్ళు. మొదట మిగిలిందే తీసుకుంది. తర్వాత నిండు సీసాల మీద చెయ్యి పడింది. రేపట్నుంచి మానేస్తానని రోజూ ఒట్టు పెట్టుకునేది.

ఆయమ్మ సీసా ఇచ్చిన రోజు మధ్యాహ్నమే, నర్సులందరికీ పెద్ద అయిన మేట్రన్ మందుల కప్‌బోర్డు చూసింది. రెండు సీసాలు తక్కువ. ఆపరేషన్ థియేటర్లో పనిచేసేవాళ్ళందర్నీ వరసగా నిలబెట్టింది.

"ఎవరికైనా ఏమైనా తెలుసా?"

సిస్టర్ నోరు దానంతటదే తెరుచుకుంది.

"పొద్దున ఒకటి ఆయమ్మ చేతిలో చూశాను."

అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. ఉంటే ఇంత సిగ్గు అనిపించేది కాదేమో.

మేట్రన్ ఆయమ్మ వైపు తిరిగింది.

"నిజమేనా?"

ఆయమ్మ సిస్టర్‌ని చూసింది. కోపంగా కాదు. జ్వరం ఎంతుందో అంచనా వేసేటట్టు చూసింది.

"నా చేతిలో ఉన్న మాట నిజమేనమ్మా."

"ఎక్కడిది?"

ఆయమ్మ తల దించుకుంది.

"నీ సంగతి తెలిసి కూడా పన్లో పెట్టుకున్నాను చూడు, నన్ననాలి," అంది మేట్రన్. "పోలీసుల దాకా పోనివ్వను. వెళ్ళిపో."

ఓహో, మొదట్నుంచీ చేతివాటం ఉన్న మనిషేనన్నమాట, అనుకుంది సిస్టర్. చెప్పుకోవడానికి సిగ్గుచేటు కానీ, అలా అనుకున్నాక ఆమె ప్రాణం కాస్త కుదుటపడింది.

ఆయమ్మ టిఫిన్ డబ్బా పట్టుకుని గుమ్మం దగ్గర ఆగింది.

"కాగితం పారేయకండి, సిస్టర్."

తర్వాత నర్సులంతా తలా ఒక మాట అన్నారు.

"అందుకేనన్నమాట, ఎప్పుడూ మన చేతుల వంకే చూసేది."

"మొహం చూస్తే మాత్రం ఏమీ ఎరగనట్టు ఉంటుంది."

సిస్టర్ కూడా తలూపింది. తలూపి, స్వెట్టరు చేతులు మణికట్టు దాకా లాక్కుంది.

పదిరోజులు గడిచాయి. ఆదివారం కూతురికి జడ వేస్తూ, దువ్వెన పట్టుకునే కునికిపాట్లు పడింది.

"అమ్మా, మళ్ళీ నిద్రపోయావు," అంది ఏడేళ్ళ పిల్ల. "పర్లేదులే. నాన్నకి చెప్పన్లే."

సిస్టర్‌కి తల కొట్టేసినట్టయింది. తన తప్పు దాచిపెట్టే పని పసిదాని నెత్తిన కూడా పడింది. స్నానాలగదిలోకి వెళ్ళి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది. ఏడుపయ్యాక, బయటికొచ్చి, పర్సు అడుగున పడేసిన ఆయమ్మ కాగితం తీసి విప్పింది.

కాగితంలో ఒక చిరునామా. కింద గుండ్రటి అక్షరాలు: 'అలవాటు మాన్పించే చోటు. తొమ్మిదింటికి తీస్తారు. తలుపు దాకా వెళ్ళాక వెనక్కి తిరగాలనిపిస్తుంది. తిరగకండి.'

భర్తకి అంతా చెప్పింది. అతను మర్నాడు పొద్దున్నే స్కూటర్ తీశాడు.

తలుపు దగ్గర నిజంగానే వెనక్కి తిరగాలనిపించింది.

లోపల బల్ల వెనక కళ్ళజోడు పెద్దాయన ఒకరు కూర్చుని ఉన్నారు.

"చెప్పండమ్మా."

"పెద్దాసుపత్రిలో ఆపరేషన్ థియేటర్ సిస్టర్‌నండీ. నొప్పి ఇంజెక్షన్లకి అలవాటుపడిపోయాను. నా అంతట నేను మానలేకపోతున్నాను." అసలు మాట ఇంకా మిగిలే ఉంది. "సీసాలు నేను తీసి, మా దగ్గర తుడిచే ఆయమ్మ మీదికి నెట్టేశాను. ఆవిడ పని పోయింది. నన్నిక్కడికి రమ్మన్నది కూడా ఆవిడే."

కాగితం అందించింది. ఆ చేతిరాత చూడగానే పెద్దాయన కళ్ళజోడు తీసేశారు.

"పన్నెండేళ్ళుగా ముట్టుకోలేదమ్మా ఈవిడ. ప్రతి గురువారం వచ్చి కొత్తవాళ్ళ పక్కన కూర్చునేది. దొంగ అన్న మాట ఒకసారి పడ్డాను, ఇంకోసారి పడితే తట్టుకోలేనండీ అనేది."

"ఇప్పుడెక్కడున్నారు?"

"మొన్న గురువారం రాలేదు. మనిషిని పంపిస్తే, ఇల్లు ఖాళీ చేసిందన్నారు. మళ్ళీ మొదలుపెట్టకుండా ఉంటే అంతే చాలు."

సిస్టర్ ఫోన్ తీసింది.

"మేట్రన్‌కి ఫోన్ చేస్తాను. తీసింది నేనేనని చెప్తాను."

"చెయ్యండి. ముందు ఆ పని చెయ్యండి."

నంబరు నొక్కబోయి, ఆమె ఆగింది.

"మరి అప్పట్లో ఆవిడ మందు ఎక్కడ తీశారండీ? అంతకుముందు ఏం చేసేవారు?"

పెద్దాయన ఆ గుండ్రటి అక్షరాల వంకే చూస్తూ అన్నారు.

"మీ థియేటర్లోనే తల్లీ, మీరిప్పుడు చేస్తున్న ఉద్యోగమే."