రాణిగారి మన్నన

రాణి మళ్లీ వాడి ముందే కూర్చుంది. చెవులు నిక్కించి, తోకైనా ఆడించకుండా, కళ్లప్పగించి మరీ కూర్చుంది. కస్టమ్స్ వాళ్ల కుక్క అది. దాని గొలుసు పట్టుకుని నిలబడ్డ గోడౌన్ సూపర్‌వైజరుకు ఒళ్లు మండిపోయింది.

"చూశావా బావా, నేనంటే దీనికి ఎంత ప్రేమో!" అన్నాడు బావమరిది, సీళ్ల డబ్బా చంకలో పెట్టుకుని.

"దొంగచాటుగా ఏం పెడుతున్నావురా దానికి?"

"ఒట్టు బావా, బిస్కెట్ ముక్క కూడా పెట్టలేదు. నా మొహంలోనే ఏదో కళ ఉంది," అని నవ్వుకుంటూ కంటైనర్ల వైపు వెళ్లిపోయాడు.

కళట కళ! ఇంట్లో ఆవిడ ఏం వండినా మొదటి వడ్డన ఆ తమ్ముడికే. ఆఫీసులో మేనేజరు నోట ఎప్పుడూ "మీ బావమరిది బంగారమయ్యా" అన్న మాటే. ఇప్పుడు కుక్క కూడా!

సర్కారుకూ కంపెనీకీ ఉన్న ఒప్పందం ప్రకారం సరుకును సర్కారు తనిఖీ చెయ్యాలి, పనివాళ్లకు కంపెనీ పూచీ పడాలి. రాణి కంటైనర్లన్నీ వాసన చూసి వెళ్లాక బావమరిది తలుపులు మూసి సీలు వేస్తాడు. ఇక సరుకు దేశం దాటేదాకా ఆ సీలు జోలికి ఎవరూ రారు.

కస్టమ్స్ ఆయన లోపల కాగితాల మీద సంతకాలు పెట్టే ఆ పది నిమిషాలూ గొలుసు సూపర్‌వైజరు చేతిలో ఉంటుంది. ఆరు నెలలుగా అతను నీళ్లు పెట్టాడు, వీపు దువ్వాడు, కన్నకూతుర్ని పిలిచినట్టు పిలిచాడు. మహారాణి కన్నెత్తి చూస్తే ఒట్టు.

ఆ రోజు ఇక అతనికి కడుపుమంట ఆగలేదు. కస్టమ్స్ ఆయన బయటికి రాగానే అడిగేశాడు.

"సార్, మీ రాణికి పక్షపాతం బాగా ఎక్కువండీ."

ఆయన నవ్వాడు. "ఏం చేసింది?"

"ఇంత చాకిరీ చేస్తున్నానా, ఒక్కసారైనా నా ముందు కూర్చోదు. మా బావమరిది కనిపిస్తే మాత్రం చటుక్కున కూర్చుని వాడి వంకే చూస్తుంది. ఇందాక కూడా అంతే."

ఆయన నవ్వు ఆగిపోయింది. "రోజూ ఇంతేనా?"

"రోజూ కాదు లెండి, వారానికి రెండు మూడుసార్లు. ఓడ బయల్దేరే రోజైతే తప్పకుండా."

"మొరుగుతుందా?"

"అబ్బే, కిక్కురుమనదు. వాడు కదిలితే గానీ లేవదు."

రాణికి ఇప్పుడు గట్టిగా చీవాట్లు పడతాయని సూపర్‌వైజరుకు లోలోపల సంతోషంగా ఉంది. కానీ ఆయన దాన్ని ఒక్క మాటా అనలేదు. గొలుసు అందుకుని, ఫోను తీసి, "గేటు మూసెయ్యండి. ఒక్క లారీ కూడా కదలడానికి వీల్లేదు," అన్నాడు.

తర్వాత సూపర్‌వైజరు వైపు తిరిగాడు. "అతనికి పూచీ రాసి సంతకం పెట్టిందెవరు?"

"ఇంకెవరండీ, నేనే! ఆవిడ పోరు పడలేక పెట్టాను. ఇంతకీ సార్, అది నా ముందు కూర్చోవాలంటే ఏం చెయ్యాలంటారు?"

కస్టమ్స్ ఆయన అతని వంక జాలిగా చూశాడు.

"మత్తుమందు జేబులో పెట్టుకుని రావాలి. ఆ వాసన తగిలితే మొరక్కుండా ఎదురుగా కూర్చోమనే దానికి నేర్పాం."