గోడ కడిగిన రోజు

"ఇవాళ్టికి సుత్తి పక్కన పెట్టి చీపురు పట్టుకో బాబాయ్," అంది ఇంజనీరమ్మ.

నవ్వుతూనే అంది. అందుకే సుత్తాయనకు ఇంకా ఒళ్లు మండింది.

ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ రైలు సొరంగం గోడను జానెడు జానెడు చొప్పున తట్టి చూసినవాడు. ఖంగుమంటే గట్టి, డబడబమంటే లోపల డొల్ల. వెంట్రుకంత బీటనైనా టార్చి వెలుగులో పట్టేసేవాడు. చదువు రాదు. బీట ఎక్కడుందో ఈయన చూపించేవాడు, వెనకాల వచ్చే మేస్త్రీలు పూడ్చేవాళ్లు.

ఇప్పుడు పట్టాల మీద ట్రాలీ వచ్చింది. దాని మీద పన్నెండు కెమెరాలు. అవి తీసిన ఫొటోలు చూసి బీటలెక్కడున్నాయో కంప్యూటరే చెబుతుంది. వేసవిలో ఇదే సొరంగంలో మూడు వారాలు తిప్పి దానికి పని నేర్పారు. పరీక్ష పెడితే, సుత్తాయన ఎరిగిన నూట పన్నెండు బీటల్నీ పొల్లు పోకుండా పట్టేసింది. అందరూ చప్పట్లు కొట్టారు. సుత్తాయనా కొట్టాడు, కొట్టక చస్తాడా.

"గోడంతా కడగాలా అమ్మా?"

"అంతా. మసి, మరకలు, పిచ్చి గీతలు, ఏవీ ఉండకూడదు. పెద్దసారు ముందు తీసే ఫొటోలు. ఫొటో దిగేముందు మనం మొహం కడుక్కోమూ?"

"అది కాదమ్మా, గోడ మీద..."

"అబ్బా, గొణక్కు బాబాయ్! ఎనిమిదింటికల్లా రైలు బండి వదలాలి."

కడిగాడు. నలభై మూడో కమాను దగ్గర చెయ్యి ఆగింది. నిరుడు గోరు దూరిన బీటలో ఇప్పుడు వేలు దూరుతోంది. ఒక్క గట్టి వాన పడి నీళ్లు దిగితే ఇటుకలు నిలవవు. నర్సు పని చేసే కూతురు రోజూ ఎనిమిదింటి బండిలో దీని కిందనుంచే ఆసుపత్రికి వెళ్తుంది. ఇవాళ కంప్యూటరు ఇచ్చే జాబితాలోకి ఎక్కితేనే రిపేరు.

'ఎవరు పట్టుకుంటే ఏం, బీట దొరికితే చాలు' అనుకున్నాడు. కెమెరాకు బాగా కనబడాలని అక్కడ మరో రెండు బకెట్లు పోసి మరీ రుద్దాడు.

ట్రాలీ ఆ చివరిదాకా వెళ్లొచ్చింది. ఇంజనీరమ్మ కంప్యూటరు తెర వైపు చూసి ఎగిరి గంతేసింది.

"ఒక్క బీట కూడా లేదు సార్!"

"వేసవిలో నూట పన్నెండన్నారు?" అన్నాడు పెద్దసారు.

"అన్నీ పూడ్చేశానని కాంట్రాక్టరు కాగితమిచ్చాడు కదా సార్. కంప్యూటరూ అదే అంటోంది."

సుత్తాయన చీపురు కింద పడేశాడు.

"నలభై మూడో కమానులోది పూడ్చలేదు సారూ. నా వేలు దూరుతోంది!"

పెద్దసారు మొహం చిట్లించాడు. "కాగితం లేదంటోంది. కంప్యూటరు లేదంటోంది. నువ్వొక్కడివే ఉందంటున్నావు. నీ పని పోతోందని ఏడుపా?"

"నా పని తగలబడనీండి! ఒక్కసారి వచ్చి మీ కళ్లతో చూడండి."

"బండి టైమైంది, తప్పుకో."

ఇంజనీరమ్మ వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. "ఊరుకో బాబాయ్. పరీక్షలో అది ఒక్కటైనా తప్పిందా, చెప్పు?"

తప్పలేదు.

ఎనిమిదింటి బండి కూత వేసుకుంటూ సొరంగంలోకి దూరింది.

వేసవిలో కంప్యూటరుకు పాఠంగా చూపించిన ఫొటోలన్నిటిలోనూ, మేస్త్రీలకు కనబడాలని ప్రతి బీట వెంబడీ సుత్తాయన గీసిన తెల్లటి సుద్దగీత ఉంది. అది గుర్తుపట్టడం నేర్చుకున్నది బీటను కాదు, ఆ గీతను.