నల్ల మెట్టు మీద బొటనవేలు

"మళ్ళీ బొటనవేలే!" పియానో మాస్టారు నీరసంగా కుర్చీలో వెనక్కి వాలారు. "ఆ నల్ల మెట్టు మీద ఉంగరపు వేలు వెయ్యమని ఎన్నిసార్లు మొత్తుకోవాలే తల్లీ? రేపు పరీక్షలో వేళ్ళు కూడా చూస్తారు."

పదేళ్ళ శిష్యురాలు మళ్ళీ మొదలుపెట్టింది. సరిగ్గా అక్కడికొచ్చేసరికి ఉంగరపు వేలు లోపలికి మడిచేసి, బొటనవేలు చాచి నొక్కింది.

"నీకు చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే. ఈ వంకర ఎవరు నేర్పారు?"

"మీరు వాయిస్తుంటే చూసి నేర్చుకున్నానండీ."

"నేనా? లే, అటు జరుగు!"

పొద్దుటి నుంచీ పాఠాలు చెప్పి గుంజేస్తున్న చేతిని ఆయన పియానో మీద పెట్టారు. ఆ చోటు రాగానే బొటనవేలు తనంతట తానే నల్ల మెట్టెక్కింది. ఉలిక్కిపడి మళ్ళీ వాయించారు. కణుపు వాచిన ఉంగరపు వేలు లోపలికి వంగి ఉండిపోయింది. ఎంత చాచబోయినా రాలేదు.

గుమ్మం దగ్గర కూర్చుని బట్టలు మడతపెడుతున్న భార్య తలెత్తలేదు. "ఇప్పుడా చూసుకోవడం? మీ చొక్కా గుండీలు రోజూ నేనెందుకు పెడుతున్నాననుకున్నారు?"

"ప్రేమనుకున్నాను" అన్నారు మాస్టారు.

"అదీ ఉందిలెండి."

ఆయన శిష్యురాలి చెయ్యి అందుకుని, ఇంకా మడిచే ఉన్న వేలిని మెల్లగా విప్పారు. అది హాయిగా, నిటారుగా సాగింది.

"నిక్షేపంగా ఉందే! దీన్నెందుకమ్మా దాచేశావు?"

"అది మడిస్తేనే పియానో మీరు వాయించినట్టు పలుకుతుందనుకున్నానండీ."