వల ఎక్కడ వెయ్యాలి?

"ఈ ఆటకి కథ లేదు. ఉన్నా ఎవరికీ అర్థం కాదు. ఈ సాయంత్రానికి ఒక్కరైనా గెలవకపోతే మూసేస్తాను" అన్నాడు జయంత్.

రుషికొండ మీద అతనిది చిన్న వీడియోగేమ్ కంపెనీ. ఆ ఆటని ధనశ్రీ 2006లో మొదలుపెట్టింది. రెండేళ్ళయినా ఇంకా దిద్దుతూనే ఉంది.

డైరెక్టర్‌గా ఆమెది వింత పద్ధతి. ఆటలో మాటలుండవు. దారి చూపే బాణాలుండవు. తెల్లవారుజామున ఖాళీ పడవ ఒకటి ఒడ్డుకు కొట్టుకొస్తుంది. ఒక ఆడమనిషి దాన్ని పట్టుకుని ఏడుస్తుంది. ఆడేవాడు ఆ పడవని సముద్రంలోకి తీసుకెళ్ళి వల వెయ్యాలి. ఎక్కడ వెయ్యాలో ఎవరూ చెప్పరు. చోటు తప్పితే వల ఖాళీగా వస్తుంది. మళ్ళీ అదే తెల్లవారుజాము, అదే పడవ, అదే ఏడుపు.

ఆఫీసు రెండుగా చీలిపోయింది.

"మేడమ్‌లా కథ చెప్పడం ఎవరివల్లా కాదు సర్. ఆ పడవ గుర్తొస్తే నాకు నిద్ర పట్టదు" అంది టెస్టర్ నిఖిత.

"నాకు ఆడుతుంటేనే పట్టేస్తోంది" అన్నాడు జయంత్. " పైగా పడవలో చద్దన్నం గిన్నెలు రెండున్నాయి. ఇద్దరు పోతే ఏడ్చేది ఒక్కావిడేనా? ఆ తప్పైనా దిద్దండి."

"ఉండనీండి" అంది ధనశ్రీ. అంతకుమించి ఆమె ఎప్పుడూ మాట్లాడదు.

ఒక్కదానికి మాత్రం పట్టుబట్టింది. యారాడ జాలర్లతో ఆడించాలని. వారం రోజుల్లో పదహారుమంది వచ్చారు. ఓడిపోయారు. టీ తాగి, నవ్వుకుంటూ వెళ్ళిపోయారు.

చివరివాడు వీరన్న. అరవై ఏళ్ళుంటాయి. యారాడలో అందరికన్నా ఎక్కువ చేపలు తెచ్చేది ఆయనేనట.

నిఖిత ఆటలో పడవని నీళ్ళలోకి దించి, కుర్చీ ఆయనకిచ్చింది. ఏ బటన్ నొక్కితే ఏమవుతుందో చూపించింది.

"ఏటమ్మా, టీవీలో సేపలు పట్టాలా?"

"పట్టి చూపించు తాతా. పదహారుమంది వల్ల కాలేదు."

"ఆళ్ళా? ఆళ్ళకి సంతలో కూడా సేపలు దొరకవు. సూడు మరి."

జయంత్ వాచీ చూసుకున్నాడు.

అందరూ ముందుకి చూస్తూ నడిపారు. వీరన్న ఒడ్డు వైపు చూస్తూ నడిపాడు. తెరమీద ఉన్నది అచ్చం యారాడ తీరమే. డాల్ఫిన్ నోస్ దీపస్తంభం, సింహాచలం కొండ ఒకదాని వెనక ఒకటి వచ్చేదాకా పడవని పక్కకి జరిపాడు. తర్వాత ఉత్తరాన రెండు కొండలు కలిసేదాకా పోనిచ్చాడు. ఆపాడు.

"జాలర్లు అలాగే గుర్తు పెట్టుకుంటారు సర్" నిఖిత గుసగుసలాడింది. "చేపలు దొరికే చోటు ఎవరిది వాళ్ళకే తెలుసు. సొంత తమ్ముడికైనా చెప్పరట."

వీరన్న వల వేశాడు.

తెర నల్లబడింది. నీళ్ళ అడుగునుంచి గొంతొకటి పైకొచ్చింది. రెండేళ్ళలో ఆ గదిలో ఎవరూ వినని గొంతు.

"బావా... సెయ్యందించు బావా..."

వీరన్న చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"గెలిచేశాడు!" జయంత్ చప్పట్లు కొట్టాడు. "ఆ చోటు ఎలా తెలిసింది తాతా?"

"ఇరవయ్యేళ్ళుగా నాను వలేసేది అక్కడే గదా బాబూ..." వీరన్న తెరకేసి వేలు చూపాడు. "ఈ బొమ్మ... ఎవులు సేసినారు?"

వెనక కుర్చీ జరిగిన చప్పుడైంది. ధనశ్రీ వచ్చి వీరన్న ఎదురుగా కూర్చుంది. ఆమె నోట ఆ యాస ఆఫీసులో ఎవరూ అంతవరకూ వినలేదు.

"దొరబాబు కూతుర్ని మావా, ఆ చోటు మా నాయన మా యమ్మకి తప్ప ఎవులికీ సెప్పనేదు, మరి ఆయన తిరిగిరాని రోజున పడవలో ఉన్న రెండో గిన్నె నీదేనా?"