ఒక్క టేకులో ఓకే

పన్నెండో టేకు కూడా పోయింది.

"కట్" అని డైరెక్టర్ నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. క్లాక్ టవర్ సెట్టు మీంచి హీరో బదులు దూకిన డూప్, కింద పరిచిన అట్టపెట్టెల్లోంచి లేచి దులుపుకున్నాడు. ఒంటి మీద చిన్న గీత కూడా పడలేదు. డైరెక్టర్‌కి అదే నచ్చలేదు.

ఫైట్ మాస్టర్ మాత్రం గబగబా వెళ్లి డూప్ నడుముకి కట్టిన రెండు తాళ్లనీ తడిమి చూశాడు. టేకు టేకుకీ ఇదే పని. యూనిట్ వాళ్లు దానికి చాదస్తం అని పేరు పెట్టారు.

ముసుగు హీరో సినిమా తియ్యడం ఇది మూడోసారి. మొదటిది ఇరవై ఏళ్ల కిందట వచ్చింది. గుడ్డ ముసుగు, కుట్లు కనబడే రెక్కలు. అయినా జనం విరగబడి చూశారు. రెండోదాంట్లో అంతా కంప్యూటర్ మాయే. టవర్ మీంచి హీరో పడుతున్నాడో ఈదుతున్నాడో ఎవరికీ అర్థం కాలేదు. ఇక మూడోదాని టీజర్ రాగానే అభిమానులు మూడు సినిమాల్లోని పడటాలూ పక్కపక్కన పెట్టి ఏకిపారేశారు. పడితే మొదటి సినిమాలో పడ్డట్టు పడాలన్నారు. కుర్చీల్లో కూర్చున్నవాళ్లకి ఎవరెలా పడాలో చెప్పడం తేలికే.

అందుకే ఆ షాట్ మళ్లీ తియ్యడానికి, మొదటి సినిమాకి పనిచేసిన ఈ మాస్టర్ని వెతికి మరీ తెచ్చారు. ఏళ్ల తరబడి ఆయన్ని పిలిచిన నాథుడు లేడు. ఇది కూడా పోతే ఇక ఇంట్లో కూర్చోవడమే. ఆ సంగతి ఆయనకీ తెలుసు, డైరెక్టర్‌కీ తెలుసు.

డైరెక్టర్ మానిటర్లో పాత షాట్ మళ్లీ వేశాడు.

"చూడండి మాస్టారూ. గాల్లో ఆ చెయ్యి ఎలా వెతుక్కుంటోందో. ఆ మెలిక చూడండి. మీవాడేమో పరుపు మీద వాలినట్టు హాయిగా పడుతున్నాడు."

మాస్టర్ మానిటర్ వైపు చూడలేదు. "అది రాదు బాబూ" అన్నాడు.

"అప్పుడెలా వచ్చింది? పోనీ, అప్పుడు పడినాయన్నే పిలవండి. వచ్చి నేర్పుతాడు."

"వాడిప్పుడు సినిమాలు చెయ్యట్లేదు."

"పేరొచ్చాక పొగరెక్కిందేమో" అన్నాడు కెమెరామన్. అందరూ నవ్వారు.

డైరెక్టర్ డూప్ వైపు తిరిగాడు. "మనవాడిలో భయం లేదు, అదీ సంగతి. ఆ రెండో తాడు తీసెయ్యండి. గుండె కాస్త జారితే అదే వస్తుంది."

డూప్ ఆ తాడుని గట్టిగా పట్టుకున్నాడు.

"తియ్యను" అన్నాడు మాస్టర్.

"మీరు తియ్యకపోతే మీ అసిస్టెంట్ తీస్తాడు. తెర మీద పేరు కూడా అతనిదే పడుతుంది."

మాస్టర్ డూప్ దగ్గరికి వెళ్లి ముడులు విప్పాడు. దారికొచ్చాడని అందరూ అనుకున్నారు. ఆయన రెండు తాళ్లనీ చుట్టి సంచిలో వేసుకున్నాడు.

"తాళ్లు నావి. ఇవాళ ఇక్కడ ఎవరూ దూకరు."

డైరెక్టర్‌కి ఒళ్లు మండింది. "వయసు మీద పడిందని ఒప్పుకోండి మాస్టారూ. అదే షాట్, అదే మీరు. అప్పుడు ఒక్క టేకులో ఓకే చేశారట కదా. ఇప్పుడు పన్నెండు తినేశారు. ఆ రోజు ఇంకో టేకు ఎందుకు అక్కర్లేకపోయిందో, అదైనా చెప్పి వెళ్లండి."

మాస్టర్ సంచి భుజానికి తగిలించుకున్నాడు.

"ఉన్న ఒక్క తాడూ తెగిపోతే, ఇంకో టేకుకి మా తమ్ముడు మిగల్లేదు బాబూ."